తీతువు గుడ్లు, పదకొండు ఆవులు

మదీనాగూడ నుంచి లోపలికి వెళితే, అద్దాల మేడల వెనక నలభై ఎకరాల రాళ్లగుట్ట ఇంకా మిగిలే ఉంది. ఒక కంపెనీ క్యాంపస్ కడదామని కొని, కట్టకుండా ఉంచిన నేల అది. ఏటా ఎండల్లో అక్కడి ఎండుగడ్డి అంటుకునేది. ఆ బెడద వదిలించుకోవడానికే కంపెనీవాళ్లు, దగ్గర్లోని అపార్ట్‌మెంట్‌లో ఉండే కిరణ్మయిని ఆవులు మేపుకోనిచ్చారు. షరతు ఒక్కటే. మార్చి రెండో శనివారానికల్లా ప్రహరీ వెంట ముప్ఫై అడుగుల పట్టీలో గడ్డి నేలకంటా మేసి ఉండాలి. లేకపోతే మిషన్లు వస్తాయి, ఆవులు బయటికి పోతాయి.

నాలుగేళ్లుగా కిరణ్మయి మాట పడలేదు. పదకొండు దేశవాళీ ఆవులు. దాణా లేదు, గడ్డే. గుట్టను ఆరు ముక్కలు చేసి తీగ కట్టించింది. ఒక ముక్క మేశాక, గడ్డి మళ్లీ తేరుకునేదాకా అటు తొక్కనివ్వదు. గడ్డి విత్తనం ఇంకా రాలని ముక్కలోకి ఆవును పోనిస్తే కాపరి నర్సమ్మకైనా అక్షింతలు తప్పవు.

ఈసారి ఆ పట్టీలోనే, ఇంకా మేయాల్సిన చివరి వంద గజాల్లో, తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. గూడంటూ లేదు. గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, అవీ గులకరాళ్లలాగే. కిరణ్మయి చుట్టూ పుల్లలు పాతి ఎర్ర రిబ్బను కట్టింది. ఊరుకోక ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అది చేతులు మారి, మర్నాటి నుంచే అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లు భోజనం వేళ కెమెరాలతో దిగారు. రిబ్బను ఉంది కనుక వెతికే శ్రమ కూడా లేదు. వాళ్లు నిలబడ్డంతసేపూ పిట్ట దూరంగా అరుస్తూ తిరిగేది. గుడ్లు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉండేవి.

గురువారం వచ్చింది. ఆవులను వదలడానికి కిరణ్మయికి మనసొప్పలేదు. వదలకపోతే శనివారం గడవదు. గుడ్లను బుట్టలో పెట్టి పక్కకు జరపమన్నాడు ఆమె భర్త ఉదయ్ భాస్కర్. జరిపితే పిట్ట మళ్లీ పొదగదని అతనికి చెప్పి చెప్పి విసిగింది.

నర్సమ్మ కర్రకు గడ్డం ఆనించి కాసేపు రిబ్బను వంకే చూసింది.

"గిది ఎవలు కట్టిన్రమ్మా?"

"నేనే. ఆవులు తొక్కకుండా."

"ఆవులకు రిబ్బన్ ఏం తెలుస్తది? కుక్కలకు, మనుషులకు తోవ చూపించినట్టున్నది. పీకెయ్. ఆవులను ఆ పిట్టనే మళ్లిస్తది. మనుషులను మళ్లించుడే దానితోని కాదు."

"మళ్లించకపోతే?"

"గప్పుడు నన్ను తిట్టు. ఎట్లైనా తిడ్తవ్ గద."

కిరణ్మయి పుల్లలు తనే పీకింది. ఎవరినీ లోపలికి పంపవద్దని గేటు దగ్గర గార్డుకు చెప్పి వచ్చి, ఒక బండ మీద కూర్చుంది.

ఆవులు తలలు వంచుకుని మేస్తూ వచ్చాయి. ముందున్నది గౌరి, మందలో పెద్దది. అది నాలుగడుగుల్లోకి రాగానే తీతువు లేచి, రెక్కలు బార్లా చాపి, అరుస్తూ దాని ముట్టె మీదికే వెళ్లింది. గౌరి బుస్సుమని తల విదిల్చి పక్కకు తిరిగింది. మిగతావి దాని వెనకే తిరిగాయి. ఆ రోజంతా అదే తంతు. కిరణ్మయి తెచ్చుకున్న టిఫిను డబ్బా మూత తీయలేదు.

శుక్రవారం సాయంత్రం జోరీగ కుట్టి ఒక పెయ్య వెనక నుంచి పరుగెత్తింది. పిట్ట లేచేలోపే గుడ్ల మీదుగా దాటిపోయింది. కిరణ్మయి దిగి చూస్తే మూడు గుడ్లున్నాయి. నాలుగోది రాళ్ల మీద చితికి ఉంది. ఆమె నర్సమ్మను ఏమీ అనలేదు. నర్సమ్మ పెయ్యను అవతలికి తోలింది. ఇద్దరూ దూరం జరిగాక పిట్ట వచ్చి మూడింటి మీదా సర్దుకుని కూర్చుంది.

శనివారం కంపెనీ ఆఫీసరు జశ్వంత్ పట్టీ పొడవునా నడిచాడు. బూటుతో గీస్తే మట్టే లేచింది. ఇంకో ఏడాది మేపుకోండి మేడం అన్నాడు. తర్వాత ఫోను బయటికి తీశాడు.

"ఎవరో ఫొటో పంపారు. ఆ గుడ్లెక్కడ మేడం?"

ఇరవై అడుగుల దూరంలో తీతువు గులకరాళ్లలో కలిసిపోయి, కదలకుండా కూర్చుని ఉంది.

"ఇక్కడే ఎక్కడో ఉండాలండీ," అని కిరణ్మయి గుట్టనంతా చేత్తో చూపించి, ఆ పొద్దున ఆవులను తోలిన అవతలి ముక్క వైపు అతన్ని నడిపించుకుపోయింది.