సరస్సు ఒడ్డున పట్టిన జాగా

అత్లోన్ నుంచి బ్లాంచర్డ్స్‌టౌన్‌కు ఉద్యోగం మారిన విజయేంద్రకు ఎంత తిరిగినా అద్దె గది దొరకలేదు. చివరికి గుళ్లో పరిచయమైన మల్లికార్జున, తను అద్దెకుంటున్న ఇంట్లో ఇస్త్రీ బల్ల పెట్టుకునే చిన్న గది చూపించి, "కొన్నాళ్లు ఉండు తమ్ముడూ" అన్నాడు. అది అద్దె ఒప్పందంలో లేని మనిషిని పెట్టుకోవడమే. ఓనర్‌కు తెలిస్తే అందరూ రోడ్డు మీద పడతారని మల్లికార్జున భార్య భ్రమరాంబ రోజూ గుర్తు చేసేది. విజయేంద్ర గిన్నెలు తోమేవాడు, చెత్తబుట్టలు బయట పెట్టేవాడు, తలుపు చప్పుడు కాకుండా వేసేవాడు.

ఈ చలిదేశంలో కార్తీకమాసంలో బయట కూర్చుంటే గడ్డకట్టుకుపోతారు కాబట్టి మనవాళ్లు వనభోజనాలు జూన్‌లో పెట్టుకుంటారు. కిందటేడు విక్లో కొండల్లో సరస్సు పక్కనున్న చదునైన చోటు వేరే బృందం ముందే ఆక్రమించింది. మల్లికార్జునకు ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"ఈసారి నువ్వు శనివారం సాయంత్రమే వెళ్లి జాగా పట్టు" అన్నాడు. "చాపలు పరిచి కూర్చో. మేం పొద్దున్నే వచ్చేస్తాం."

"అక్కడ క్యాంపింగ్ చేయకూడదని బోర్డుంది అన్నా."

"టెంట్ వేస్తేనే క్యాంపింగ్. నువ్వు దుప్పటి కప్పుకుని కూర్చుంటావు. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపడం లేదూ? ఇదీ అంతే."

పక్కనే ఉన్న స్నేహితుడు కొండల్ రావు నవ్వాడు. "అక్కడ కర్చీఫు, ఇక్కడ విజయేంద్ర!"

"ఈ ఒక్క పని చేసిపెట్టు. గది నీకే ఖాయం చేస్తాను" అన్నాడు మల్లికార్జున.

విజయేంద్ర వెళ్లాడు.

తెల్లారాక ఆ కొండల్ని కాపలా కాసే రేంజర్ ఒకామె వచ్చింది. మంచుకు తడిసిన చాపల్ని, వాటి మధ్య ముడుచుకుని పడుకున్న మనిషిని చూసింది.

"టెంట్ లేదు మేడమ్" అన్నాడు విజయేంద్ర లేస్తూనే.

"రాత్రంతా ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"అదే క్యాంపింగ్. టెంట్‌తో పని లేదు. రోడ్డుకు దూరంగా, పైన కొండల్లో అయితే ఒక రాత్రికి అనుమతిస్తాం. సరస్సు పక్కన అసలే కుదరదు." కోపం లేకుండానే చెప్పింది. "ఎక్కడుంటావో చెప్పు, హెచ్చరించి వదిలేస్తాను. ఈమధ్య ఇల్లు లేనివాళ్లు ఇక్కడికొచ్చి మకాం పెడుతున్నారు. అలాంటిదైతే గార్డులకు చెప్పాలి."

గార్డులంటే ఇక్కడి పోలీసులు. ఆ మాట వినగానే విజయేంద్ర మల్లికార్జున ఇంటి అడ్రస్ చెప్పేశాడు. అప్పుడే మనవాళ్ల కార్లు రావడంతో, "అదిగో, వాళ్లిల్లే" అని చూపించాడు.

మల్లికార్జున పులిహోర డబ్బా పట్టుకుని దిగాడు. రేంజర్ తను రాసుకున్న అడ్రస్ చదివి, "ఇతను మీ ఇంట్లో ఉంటాడా?" అని అడిగింది.

మల్లికార్జున విజయేంద్ర వైపు చూడలేదు.

"మా ఇంట్లోనా? లేదు. గుళ్లో ఒకటి రెండుసార్లు చూశాం."

"అన్నా..."

"పాపం, ఉండే చోటు లేదనుకుంటా" అంది భ్రమరాంబ రేంజర్‌తో ఇంగ్లీషులో, జాలిగా.

కొండల్ రావు కారు డిక్కీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

రేంజర్ విజయేంద్ర కంపెనీ కార్డుకు ఫోటో తీసుకుంది. గార్డులు ఫోన్ చేస్తారని చెప్పింది. మీద కప్పుకున్న తడి దుప్పటి వైపు చూసి, నిరాశ్రయులకు సాయం చేసే ఒక సంస్థ నంబరు కూడా చెప్పింది. అతను ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకునేదాకా ఆగింది.

"మేం ఇక్కడ కూర్చుని తినొచ్చా?" అన్నాడు మల్లికార్జున.

"గ్రాండ్, కూర్చోండి. పగలు తినడానికేం ఇబ్బంది లేదు. మంట మాత్రం పెట్టొద్దు."

ఆమె వ్యాన్ వెళ్లిపోయాక మల్లికార్జున గొంతు పెంచాడు. "అడ్రస్ చెప్పమని ఎవడన్నాడురా నీకు? రేపు గార్డులు ఓనర్‌ని అడిగితే?"

"అడిగింది కదన్నా. ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. స్వోర్డ్స్‌లో ఉంటున్నాననొచ్చుగా! ఇక నిన్ను ఇంట్లో పెట్టుకోలేను. సాయంత్రం సామాను బయట పెడతాం, వచ్చి తీసుకో."

"ఎక్కడికి వెళ్లనన్నా?"

పిల్లలు చెప్పులు విప్పి అతను పరిచిన చాపల మీద కూర్చున్నారు. చోటు భలే ఉందని ఎవరో మెచ్చుకున్నారు.

భ్రమరాంబ చెయ్యి చాపింది. విజయేంద్ర ఇంటి తాళం చెవి ఇచ్చాడు. ఆమె దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి అందించింది.

"తినేసి వెళ్లు. ఆదివారం బస్సులు తక్కువ."

అతను నిలబడే తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది.

"సరిపోయింది వదినా."