ఆగని పెట్టె

ఏడు నెలల్లో ఆమె కరెంటాఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో ఆ మెట్లనే అడగాలి. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పరుచుకుంటాను, ఎండ వల్ల పుట్టిన కరెంటును వీధి లైనుకు కలుపుకుంటాను అనడమే ఆమె చేసిన పాపం. మొదటిసారి వెళ్తే మీటరు తాతగారి పేరు మీద ఉందన్నారు. పేరు మార్పించుకొస్తే, పాత మీటరు లోపలికి వచ్చే కరెంటునే లెక్కేస్తుంది, బయటికి పోయేదాన్నీ లెక్కేసే మీటరు కావాలన్నారు. అదీ పెట్టించాక ఫైలు కనిపించడం లేదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గానీ, ఇక్కడ పూజారి ఎవరో తేలడానికే మూడు నెలలు పట్టింది.

ఆమెకు ఆ కరెంటు సరదాకి కాదు. ముందు గదిలో ఎంబ్రాయిడరీ మిషను ఉంది. బళ్ల యూనిఫారాలకు బ్యాడ్జీలు కుట్టి ఇస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోతే సూది గుడ్డలోనే ఇరుక్కుంటుంది, మళ్లీ వచ్చేసరికి ఉన్న చోటు తప్పుతుంది, గుడ్డ చెత్తబుట్టలోకి పోతుంది. పలకలు, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు పెట్టె, దాని కింద బ్యాటరీ అన్నీ బిగించి ఉన్నాయి. కొత్తలో ఆ పెట్టె మాటిమాటికీ ఆగిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, నెత్తిన కూర్చుని మరీ సరిచేయించింది. సంతకం పడేదాకా వాడొద్దని ఆఫీసువాళ్లు అనడంతో అప్పటి నుంచీ దాన్ని ఆపే ఉంచింది. ఇక కావలసింది ఒక్క సంతకం.

ఆ సంతకం పెట్టాల్సిన ఇంజనీరుకు బదిలీ అయింది. రేపటి నుంచి ఆ కుర్చీలో కొత్తాయన. కొత్తాయనంటే ఫైలు మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో కూర్చుని, భోజనానికి కూడా కదలకుండా, చివరికి ఇంజనీరునూ ఒక లైన్‌మన్‌నూ ఇంటికి లాక్కొచ్చింది.

ఆమె పెట్టె ఆన్ చేసి మిషను నడిపించింది. ఇంజనీరు వసారాలోనే నిలబడి పెట్టె వైపు ఓ చూపు చూశాడు. లోపల మిషను టకటకమని బ్యాడ్జీ కుడుతోంది.

"అంతా బానే ఉందిగా" అంటూ కాగితం గోడకానించి సంతకం పెట్టేశాడు. ఆమె చెయ్యి చాచి కాగితం అందుకుంది. ఏడు నెలల తర్వాత ఆమెకు ఊపిరి ఆడింది.

అప్పుడు లోపలి నుంచి నాన్న వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లు స్తంభాలెక్కి దిగిన మనిషి. ఎడమ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి.

"పరీక్ష చెయ్యలేదేంటి సార్? స్తంభం దగ్గర ఫ్యూజు తీసి చూడాలిగా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వడ్డించిన విస్తరి లాగేస్తున్నట్టుంది. "నాన్నా, నువ్వు లోపలికి వెళ్లు. ఇన్నాళ్లూ నాతో ఒక్కసారి ఆఫీసుకు వచ్చావా? ఇప్పుడు గుర్తొచ్చాయా నీ రూల్సు?"

"రెండు నిమిషాల పనమ్మా."

"ఏడు నెలలు పోయాయి నాకు. ఇంకా రెండు నిమిషాలా?"

"వీధిలో కరెంటు పోయినప్పుడు ఈ పెట్టె కూడా ఆగాలి. ఆగకపోతే మనింట్లోంచి కరెంటు స్తంభం మీదికి పోతుంది. పైన ఉన్నవాడు లైను చచ్చిందనుకుని చెయ్యి పెడతాడు." నాన్న ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "ఆ రోజు ఆ ఇంట్లో జనరేటరు నడుస్తోందని నాకెవరూ చెప్పలేదు."

ఆ వేళ్ల సంగతి ఆయన ఇంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు. ఇంజనీరు గడియారం చూసుకుని సరే అన్నట్టు తలూపాడు. లైన్‌మన్ నిచ్చెన వేసుకుని స్తంభమెక్కాడు. తప్పుకునే దారి లేక ఆమె గుమ్మంలో నిలబడి పళ్లు కొరుక్కుంది.

"తీశాను" అన్నాడు పైనుంచి.

మిషను ఆగలేదు.

సూది టకటకమంటూనే ఉంది. పచ్చదారం అక్షరం తర్వాత అక్షరం వరసగా పడుతోంది. కరెంటు పోయినా ఆగని మిషను! ఏడు నెలలుగా ఆమె కలగన్నది ఇదే. ఒక్క క్షణం ఆమెకు సంతోషమే కలిగింది. ఆ సంతోషానికి తర్వాత చాలా సిగ్గుపడింది.

పైన లైన్‌మన్ ఇంటికి వచ్చే తీగ కొనను పక్కకు జరుపుదామని వట్టి చెయ్యి చాస్తున్నాడు.

"చెయ్యి తియ్" అన్నాడు నాన్న. గట్టిగా అరవలేదు. కానీ ఆ గొంతు విని లైన్‌మన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత టెస్టరు తీసి ఆ కొనకు తాకించాడు. చచ్చి ఉండాల్సిన తీగ దగ్గర ఎర్ర దీపం వెలిగింది.

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. "బిగించినవాడు ఏదో తప్పు చేసినట్టున్నాడు. రేపు సరిచేయించుకోండి. సంతకం ఎలాగూ పెట్టేశాను కదా."

కాగితం ఆమె చేతిలోనే ఉంది. మడిచి లోపల పెట్టేసుకుంటే అడిగేవాళ్లు లేరు. తప్పు ఎలక్ట్రీషియన్ మీదికి పోయింది కూడా. కానీ ఆ రోజు అతను పెట్టె ముందు నిలబడి నసిగిన మాటలు ఇప్పుడు చెవిలో పడుతున్నాయి. ఇది ఊరికే ఆగడం లేదమ్మా, లైనులో తేడా వస్తే ఆగాలనే అలా పెట్టారు, అన్నాడు. నాకు కథలు చెప్పకు, ఏం చేస్తావో తెలీదు, ఆగకుండా చేసి పెట్టు, అని కసిరింది తనే.

"వాడి తప్పు కాదు. నేనే చేయించాను" అంది. కాగితం ఇంజనీరు చేతిలో పెట్టింది. "కొట్టేయండి."

ఆయన సంతకం మీద అడ్డంగా గీత గీశాడు. లైన్‌మన్ కిందికి దిగి, తన అరచేతిని ఓసారి చూసుకుని, నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

నాన్న మెయిను దించాడు, పెట్టె ఆపాడు. మిషను సగం బ్యాడ్జీ మీద ఆగింది. ఆమెకు కోపం తగ్గలేదు. ఆఫీసు మీద, ఫైలు మీద, రేపొచ్చే కొత్తాయన మీద, అందరికంటే ఎక్కువ తన మీద కోపంగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ముక్కు తుడుచుకుని ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసింది.

"మళ్లీ ఏమైందమ్మా, ఆగిపోయిందా?" అన్నాడతను భయపడుతూ.

"లేదు. ఒకసారి రా బాబూ" అంది. "ఆగేలా చేసి పెట్టు."