గాలి తిరిగిరాని గది

పొద్దున్న పదింటికి ఏసీ వెయ్యగానే వెనకగది తలుపు దానంతటదే ధడాలున మూసుకునేది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న అచ్చియమ్మ ఆ చప్పుడుకి గడియారం వైపు చూసేది. గదిలో ఆవిడ చిన్నకోడలు వెంకటదుర్గ బియ్యం ఏరుకుంటూ మొదలుపెట్టేది: "ఆయన తాగలేదు. ఆ రోజు ఆయన తాగలేదు."

ఆ మాటలు ఎవరికీ వినపడేవి కావు.

ఆ ఇంట్లో మాటలు గాలితోపాటే తిరిగేవి. అచ్చియమ్మ పెద్దకొడుకు జగదీశ్వరరావుకి నర్సీపట్నం దాటాక గొలుగొండ రోడ్డులో జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. మూడేళ్ళ కిందట ఇల్లు కట్టినప్పుడు ఒకటే పెద్ద మెషిన్ పెట్టించి, సీలింగులోంచి గొట్టాలు వేయించి, అన్ని గదులకీ చల్లగాలి పంపించాడు. వెచ్చబడ్డ గాలి మళ్ళీ మెషిన్‌కి పోవడానికి ఇంకో గ్రిల్లు కావాలి. అది మాత్రం హాల్లో ఒక్కటే పెట్టించాడు, సరిగ్గా తన సోఫా వెనక. అక్కడ కూర్చుని "కాఫీ" అంటే ఆ మాట గ్రిల్లులోకి పోయి, చల్లబడి, అన్ని గదుల్లోనూ దిగేది. మిగతా గదుల మాటలు తలుపుల కింద సందుల్లోంచి హాల్లోకి చేరేవి. వెనకగదిలో అన్న మాట అక్కడే ఉండిపోయేది. తలుపు తీసినా గడప దాటేది కాదు. చుట్టాలొస్తే, చాటుగా మాట్లాడుకోవాల్సినవి ఆ గదిలోకి పోయే మాట్లాడుకునేవాళ్ళు.

దుర్గ భర్త చిట్టిరాజు అన్న ఫ్యాక్టరీలోనే పిక్కల్ని ఆవిరితో ఉడికించే బాయిలర్ చూసేవాడు. రెండేళ్ళ కిందట అది పేలి చనిపోయాడు. తాగి ఉన్నాడని, అందుకే ఆవిరి వదలడం మర్చిపోయాడని జగదీశ్వరరావు పోలీసులకీ ఊరికీ చెప్పాడు. కాదని దుర్గ స్టేషన్లో అరిచింది, సంతలో అరిచింది. "మొగుడు పోయి మతి సెడింది, పాపం" అన్నారు జనం. ఆ 'పాపం' వింటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో నోరెత్తితే జగదీశ్వరరావు ఒకటే అనేవాడు: "నీ గదిలోకి పోయి మాటాడుకో."

ఈ ఏడు మే నెలలో హాల్లో సీలింగు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. మర్నాడు ఫ్యాక్టరీలో బాయిలర్ మళ్ళీ వెలిగించాలి. పేలినదానికే అతుకులేసిన అదే బాయిలర్, ఆవిరి వదిలే అదే వాల్వు. కొత్తగా పెట్టుకున్న బాయిలర్ మనిషి సింగన్నతో సహా పనివాళ్ళందరికీ ఆ మధ్యాహ్నం ఇంట్లోనే భోజనాలు. మెకానిక్ కొండబాబుకి ఫోన్ చేసి "బేగి రా" అని చెప్పి జగదీశ్వరరావు ఫ్యాక్టరీకి పోయాడు.

కొండబాబు మెషిన్ మూత విప్పి చూశాడు. లోపల మంచు పేరుకుపోయి ఉంది. అతనికి కోపం ముంచుకొచ్చింది.

"ఇల్లు కట్టినప్పుడే సెప్పేనమ్మా! గదికో గ్రిల్లు పెట్టండి, ఎల్లిన గాలి తిరిగి రావాలీ అన్నాను. 'తమ్ముడి గదికి గాలి పంపడమే గొప్ప, ఎనక్కి తెచ్చేదేటి' అన్నారు బాబుగారు. పోనీ ఆ తలుపు కింద రెండు వేళ్ళ సందు వొదలండంటే రబ్బరు పట్టీ కొట్టించారు. ఊపిరాడక మెషిన్ గెడ్డకట్టేసింది."

"ఇప్పుడెక్కడ పెట్టాలి?" అంది దుర్గ.

"మీ గదిలోనే. గాలొచ్చే గ్రిల్లు కిటికీ మీదుంది కదా, దానికెదురు గోడకి. పక్కపక్కన పెడితే వొచ్చిన గాలి వొచ్చినట్టే పోద్ది, గదంతా తిరగదు. ఆ గోడ అవతలే మెషినుంది, పని సులువే. గానీ, ఆ గది జోలికెల్లొద్దన్నారు బాబుగారు."

"కొయ్యి."

"అమ్మా, బాబుగారు..."

"నాను సెప్తన్నాను. కొయ్యి!"

కొండబాబు అచ్చియమ్మ వైపు చూశాడు. ఆవిడ తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"కొయ్యి నాయినా," అంది. "సిన్నోడి గొంతు ఇని రెండేళ్ళయింది. ఆ గదిలోనే ఉండుంటాది."

దుర్గ గిర్రున తిరిగింది. "ఆయన తాగడని మీకు తెలుసు కదత్తా. ఆ రోజు నోరెందుకు మూసుకున్నారు?"

"ఒకడు పోనే పోయేడు. రెండోడు జైలుకి పోతాడేమోనని..."

"నాకున్నది ఒక్కడే అత్తా!"

అచ్చియమ్మ చెయ్యెత్తి కొండబాబుకి ఆ గోడ చూపించింది. కొండబాబు గోడకి కటింగ్ మెషిన్ ఆనించాడు.

జగదీశ్వరరావు వచ్చేసరికి హాల్లో ముప్ఫైమంది విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. తెరిచి ఉన్న తలుపులోంచి వెనకగది గోడకి కొత్త గ్రిల్లు కనిపించగానే అతని మొహం నల్లబడింది.

"ఎవడు పెట్టమన్నాడ్రా?"

"ఏసీ బాగవ్వాలన్నారు. బాగుసేసేను," అని కొండబాబు స్విచ్చి వేశాడు.

గాలి కదిలింది. ముందు దుర్గ గొంతు వచ్చింది. "ఆయన తాగలేదు. ఆయన తాగలేదు." హాల్లోంచి, వంటింట్లోంచి, మేడమీంచి, రెండేళ్ళ మాటలు, మధ్యలో చుట్టాల గుసగుసలతో సహా, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "నాకు జాలొద్దు. ఆ వాల్వు విప్పి సూడండి!" పప్పు వడ్డిస్తున్న చెయ్యి ఆగిపోయింది. అవన్నీ అయ్యాక, గది అడుగున పడి ఉన్న పాత మాటలు వచ్చాయి. చిట్టిరాజు గొంతు, ఎక్కడా తడబడకుండా, ఆ గదిలోంచి మాట బయటికి పోదు కనక హాల్లో ఉన్న అన్నకి ఫోన్లో చెబుతున్నట్టుగా:

"అన్నయ్యా, వాల్వు పట్టేసింది. నిన్ననే సెప్పేను. ఇయ్యాల బాయిలర్ ఆపేస్తన్నాను."

ఆనాడు సోఫాలోంచి ఆ గదిలోకి దిగిన జగదీశ్వరరావు జవాబు కూడా వచ్చింది.

"ఆపేవంటే నీకూ నీ పెళ్ళానికీ ఈ ఇంట్లో అన్నం నేదు. రేపు లోడు పోవాలి. పోయి ఎలిగించు."

 తరవాత చిట్టిరాజు, మెల్లగా: "దుర్గా, సద్దన్నం పెట్టు. ఎల్లొస్తాను."

జగదీశ్వరరావు స్విచ్చి వైపు ఉరికాడు. అచ్చియమ్మ అడ్డంగా నిలబడింది.

"ముట్టుకోకు. నా కొడుకు మాటాడతన్నాడు."

గోడల్లోంచి చచ్చినవాడి గొంతు రావడం అక్కడెవరికీ వింతగా లేదు. వాళ్ళని కుదిపింది అతను అన్న మాటే. దుర్గ హాలు మధ్యకి వచ్చింది. 

"ఇన్నారా? రెండేళ్ళు నన్ను పిచ్చిదన్నారు. సింగన్నా, రేపు నువ్వు నమ్ముకునేది ఆ వాల్వునే."

సింగన్న సగం తిన్న విస్తరి ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, బాయిలర్ గది తాళంచెవి జగదీశ్వరరావు ముందు పెట్టాడు.

"నాను ఎలిగించను బాబూ."

"నువ్వు కాపోతే ఇంకోడు!"

ఆ ఇంకోడు లేచి రాలేదు. జీడిపప్పు ఒలిచే సోమలమ్మ తన విస్తరి మడిచేసింది. ఒకప్పుడు 'పాపం' అన్నవాళ్ళలో ఆమె కూడా ఉంది. "టేసనుకి పద దుర్గమ్మా. ఈసారి మేవందరం ఇన్నాం," అంది. ముప్ఫైమందీ ఆ ఎండలో రోడ్డెక్కారు. వాళ్ళ వెనక, చెప్పులు కూడా తొడుక్కోకుండా, అచ్చియమ్మ నడిచింది.

వారం తరవాత అధికారులు వచ్చి ఆ వాల్వు విప్పారు. సుత్తితో కొట్టినా అది కదల్లేదు.

కానీ ఆ వారం ముందు సింగన్న భార్యకి ఆ సంగతి తెలియదు. తాళంచెవి వదిలేసి వచ్చిన మర్నాడు, బాయిలర్ వెలిగించాల్సిన వేళకి, సింగన్న గొలుగొండలో చెరకుతోట కలుపు తీస్తున్నాడు. వచ్చిన పని కాలదన్నుకున్నాడని పక్క సాలులోంచి ఆమె తిడుతూనే ఉంది. అతను వంచిన నడుం ఎత్తకుండా, తిడుతున్నంతసేపూ వింటూ ఉన్నాడు.