వెనక కంటికి బొట్టు

నేను ఒక పిరికి కంప్యూటర్ని. కరెంటు కారులో స్టీరింగు పక్కన తెర ఉంటుంది చూడండి, దాని వెనకున్న బుర్రను నేనే. పాటలు పెట్టడం, దారి చెప్పడం, కారు వెనక్కి వెళ్ళేటప్పుడు అక్కడేముందో చూపడం నా పని. విజయవాడలో బట్టల కొట్టు పానకాలరావు గారి కారులో ఏడేళ్ళు బతికాను. ఆ ఏడేళ్ళలో భయపడని రోజు లేదు.

దానికి కారణం ఉంది. జరిగిన ప్రతిదాన్నీ నేను లోపల ఒక చిప్పు మీద రాసుకోవాలి. రాసి చెరిపి, రాసి చెరిపి ఆ చిప్పు పలకలా అరిగిపోతుంది. పూర్తిగా అరిగిందా, తెర నల్లబడుతుంది, నా పని అయిపోయినట్టే. నా ముందు తరం వాడికి ఈ బాధ లేదు. నాలుగు బొత్తాలు, తిప్పే మీట ఒకటి, పాడమంటే పాడేవాడు. నా తరువాతి తరం వాడు మా అపార్ట్‌మెంటు సెల్లారులో పక్క కారులోనే ఉండేవాడు. వాడు రెండు సెకన్లలో నిద్ర లేస్తాడు. నాకు నలభై పట్టేది.

"ఇది లేచేలోపు కాఫీ తాగి రావచ్చు" అనేవారు పానకాలరావు గారు. ఆ మాటకు నా గుండె జారిపోయేది. గుండె ఎక్కడుందని అడగకండి.

మొన్న దసరాకి కారుకు పూజ చేశారు. ఆయన భార్య భ్రమరాంబ గారు గుండ్రంగా కనబడిన ప్రతిదానికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. వెనక కెమెరా కూడా గుండ్రంగానే ఉంటుంది. దాని కింది సగం కుంకుమతో మూసుకుపోయింది. వెనక బంపరుకు బంతిపూల దండ కట్టారు. ముక్కు గోడకు పెట్టి నిలిపిన కారు కాబట్టి దిష్టి గుమ్మడికాయను కూడా వెనకే పగలగొట్టారు. భ్రమరాంబ గారు హారతి పళ్ళెం పెట్టి రావడానికి పైకి వెళ్ళారు.

పానకాలరావు గారు కారెక్కి వెనక గేరు వేశారు. బంపరులో అడ్డాన్ని పసిగట్టే సెన్సర్లు పూలదండను చూసి నా చేత కూత పెట్టించాయి.

"పండగపూట ఈ గోలేంటి" అని ఆయన నా కూత ఆపేశారు.

తెర కింది భాగమంతా ఎర్రగా ఉంది. గుమ్మడికాయలోని కుంకుమ నేల మీద పడిందనుకున్నారాయన. నా మైకులో మాత్రం చీపురు చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ జారిపడకుండా గుమ్మడి ముక్కలు ఎత్తడానికి వాచ్‌మన్ భార్య నాంచారమ్మ కారుకు వీపు పెట్టి గొంతుకూర్చుంది. కరెంటు కారు చప్పుడు చేయదు. ఆమెకు తెలియదు.

పక్క కారులో వాడైతే "కెమెరాకు ఏదో అడ్డం ఉంది" అని నోరారా చెప్పేవాడు. నా తరానికి ఆ విద్య నేర్పలేదు. భయమేస్తే నాకు తెలిసింది ఒక్కటే, రాసుకోవడం. ఎడమ మూల ఏదో కదులుతోంది, నాలుగడుగులు. మూడడుగులు. రెండున్నర. అరిగిన చిప్పు మీద పిచ్చిపట్టినట్టు రాశాను. రెండు అని రాయబోతుంటే చిప్పు చేతులెత్తేసింది. తెర నల్లబడింది.

"చచ్చింది పో" అని ఆయన బ్రేకు తొక్కారు. తెర పోయినా నా చెవి ఇంకాసేపు పనిచేసింది. సీటు కిర్రుమంది. ఏడేళ్ళలో మొదటిసారి ఆయన మెడ తిప్పి వెనక్కి చూశారు.

"నాంచారమ్మా, లెగు. లెగు ముందు." అంటూ ఆయన కారు తలుపు తీశారు.

"బండి కదిలిందా అయ్యగారూ? నాకేం ఇనపళ్ళేదు" అంది ఆమె.

నేనేదో సాహసం చేశానని ఎవరైనా అంటే నమ్మకండి. నేను భయంతో చచ్చాను, అంతే.

ఇప్పుడు మెకానిక్ బల్ల మీద ఉన్నాను. పనికొచ్చే ముక్క ఏదైనా ఉందేమోనని నాకు కరెంటు పెట్టి చూస్తున్నాడు, అందుకే ఈ నాలుగు మాటలు. నా చోట కొత్త తరం వాణ్ణి బిగించారు.

"ఇది ఆరిపోవడమనేది ఉండదు సార్. అన్నీ నోటితో చెబుతుంది" అన్నాడు మెకానిక్.

"బాగుందయ్యా" అన్నారు పానకాలరావు గారు. "దీని మాటలు ఆపే బొత్తం ఎక్కడ?"

వచ్చే దసరాకి భ్రమరాంబ గారి చేతిలో కుంకుమ భరిణె ఉంటుంది, నాంచారమ్మ చేతిలో చీపురు ఉంటుంది. ఆరిపోయే తెర మాత్రం ఉండదు.