రెండూ ఎడమవే

పశువుల డాక్టరు జీపుకి కొత్తగా వేయించిన టైర్లు పాతవాటికంటే మూడంగుళాలు వెడల్పు. గట్ల మీద, బురదలో బండి దిగబడకుండా ఉంటుందని ఆమె వేయించుకుంది. బండి దిగబడటం మానేసింది గానీ, మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన టైర్లు దారినపోయే ప్రతివాడికీ బురదతో స్నానం చేయించడం మొదలుపెట్టాయి. రెండుసార్లు పోలీసులు ఆపి వదిలేశారు. మూడోసారి కాగితం చేతిలో పెట్టారు. సోమవారం పదకొండు గంటలకి బండి తనిఖీకి రావాలి, టైరు మడ్‌గార్డు లోపల ఉండాలి, లేకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

"ఆవులు ఒక్క మాటనవు. మనుషులే తిడుతున్నారు. ఏదో ఒకటి చెయ్యండి," అంది ఆమె షెడ్డులో బండి దిగుతూ.

ఆ ఏదో ఒకటి పేరు ఫ్లేరు. మడ్‌గార్డు అంచు కోసేసి, టైరు మీదికి గొడుగులా వచ్చేటట్టు రేకుతో చేసి అతికిస్తారు. షెడ్డులో దాన్ని రెక్క అంటారు. ప్లాస్టిక్కువి బజార్లో దొరుకుతాయి గానీ ఇంత పాత జీపుకి దొరకవు. రేకు తీసుకుని, చేత్తో కొట్టి, ఆ బండి ఒంట్లోంచి మొలిచినట్టు రెక్క చేసేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. బావ.

బావ అంటే షావుకారుకి బావ, అక్క మొగుడు. షావుకారు నిజంగా షావుకారేం కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి ఆ షెడ్డు పెట్టారు. సుత్తి బావది, నోరు ఇతనిది. ఏ మాటా తూచకుండా బయటపెట్టడు, ఏ మనిషినీ లాభనష్టాలు చూసుకోకుండా పలకరించడు కాబట్టి బావే ఆ పేరు పెట్టాడు. పెట్టిన పేరు అసలు పేరుని మింగేసింది.

శనివారం మధ్యాహ్నానికి వెనక రెక్కలు రెండూ బండికి ఎక్కేశాయి. ముందు రెక్కలు రెండూ తయారై బల్ల మీద ఉన్నాయి. షావుకారు వాటిని చేత్తో నిమిరి, మెచ్చుకుని, రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు.

ముందు రెక్కకి ఒక కొస పొట్టిగా బంపరు దగ్గర ఆగిపోతుంది. రెండో కొస పొడుగ్గా తలుపు కిందికి జారుతుంది. ఎడమదానికి కుడిది అద్దంలో బొమ్మలా ఉండాలి. బల్ల మీద ఉన్నవాటికి వీసమెత్తు తేడా లేదు. ఒక కాలికే రెండు చెప్పులు కుట్టినట్టు, రెండూ ఎడమవే.

బావ పద్ధతి షావుకారుకి కంఠతా వచ్చు. ముందు అట్ట మీద నమూనా కోస్తాడు. అట్టకి ఒక ముఖాన పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తు పైకి ఉంచి రేకు మీద గీస్తే ఎడమది. గీసిన మరుక్షణం అట్టని తిరగేస్తాడు. "బోర్లా పడుకోవే తల్లీ" అని దానికి చెబుతాడు కూడా. అప్పుడు గీస్తే కుడిది. ఈసారి తల్లి బోర్లా పడుకోలేదు.

గీత తప్పడం ఎవరికైనా ఉన్నదే. ఒక రేకు పోయింది, ఒక రోజు పోయింది, అంతే కదా అని సరిపెట్టుకోబోయాడు షావుకారు. లెక్క కుదరలేదు. రెక్క ఒకటి తయారవడానికి ఆరు గంటలు పడుతుంది. కోయాలి, అంచు మడవాలి, ఇసుక సంచి మీద పెట్టి కొట్టి గుండ్రం తేవాలి, ఇనప దిమ్మ ఆనించి నునుపు చెయ్యాలి. మధ్యలో నాలుగైదుసార్లు బండికి ఆనించి చూసుకోవాలి. అంటే ఆ నాలుగైదుసార్లూ బావ రెండోదాన్ని కూడా ఎడమ పక్కకే తీసుకెళ్ళి ఆనించాడన్నమాట. ఆనించిన ప్రతిసారీ బాగుందనే అనుకున్నాడన్నమాట. ఆరు గంటలసేపు తప్పుని అంత అందంగా చెక్కాడు. అక్కడే షావుకారు గుండెల్లో రాయి పడింది.

"ఏరా షావుకారూ, దిష్టి పెడుతున్నావా?" అంటూ బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రెండో రెక్క తీసుకుని జీపు కుడి పక్కకి వెళ్ళి ఆనించాడు. కూర్చోలేదు. అటూ ఇటూ తిప్పాడు. తల్లకిందులుగా పెట్టి చూశాడు. నొసలు ముడిపడింది.

"ఈ బండి ఎక్కడో గుద్దుకుందిరా. కుడి పక్కంతా వంకరపోయింది. డాక్టరమ్మ మనకి చెప్పనేలేదు చూడు."

బండికి ఏ వంకరా లేదని షావుకారుకి తెలుసు. నోరు పెట్టుబడిగా బతికినవాడు ఆ మాట ఎలా చెప్పాలా అని తూచుతున్నాడు. ఆలోగా బావ అతుకులు వేసే గ్యాసు టార్చి వెలిగించాడు.

"కాస్త వేడి చేసి లాగితే వంకర అదే పోతుంది," అంటూ మంటని నిక్షేపంలాంటి మడ్‌గార్డు వైపు తీసుకెళ్ళాడు.

"ఆగు బావా. ఆవిడ బండి, ఆవిడ వంకర. ఒక మాట అడిగి మొదలెడదాం."

బావ నవ్వాడు. "వంకర తియ్యడానికి కూడా అనుమతి కావాలా నీకు? సరే, అడుగు." టార్చి ఆర్పి, టీ తాగడానికి రోడ్డు మీదికి పోయాడు. షావుకారు రెండో రెక్కని పాత తలుపుల వెనక దాచి, షెడ్డు వెనక గుమ్మంలోంచి అక్క ఇంట్లోకి నడిచాడు.

అక్క, నిన్న బావ విప్పేసిన పని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"బావ రెండు రెక్కలూ ఎడమవే చేశాడక్కా."

సూది ఆగింది. "ఇంకెవరన్నా చూశారా?" అంది అక్క.

ఎలా చేశాడు, ఎందుకు చేశాడు అని అడగాల్సిన చోట ఎవరు చూశారని అడిగింది. షావుకారు మంచం కొసన కూలబడ్డాడు.

"ఎప్పట్నించి?"

"వానలు మొదలైనప్పట్నించి. అంతకుముందు నుంచే ఉందేమో, నాకు తెలిసింది అప్పుడు." చొక్కా జేబులోంచి చిన్న చీటీ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది: గ్యాసు కట్టెయ్యి. "పొద్దున్నే పెడతాను. సాయంత్రానికి మడత విప్పకుండా ఇంటికొస్తుంది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. మతిమరుపుకి మందు రాశాడు. అది వేసుకోవడం కూడా మర్చిపోతాడు. ఇంక నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు."

"నాకు ముందే చెప్పొచ్చు కదా?"

"నీకు చెబితే లెక్కేస్తావురా. లెక్కేసి ఆయన పేరు మీద గీత కొట్టేస్తావు." దారం పంటితో తెంపింది. "గుండీలు కూడా ఒక్కోరోజు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటున్నాడు. సుత్తి చేతిలో ఉన్నంతసేపే మనిషిలా ఉంటున్నాడు. అది కూడా తీసేసుకుంటే ఇంట్లో కూచుని గోడలు చూస్తాడా?"

"సుత్తితో పేచీ లేదక్కా. మంటతోనే నా భయం."

అక్క చీటీ మళ్ళీ జేబులో పెట్టి, చొక్కా మడత పెట్టింది.

షావుకారు తిరిగి షెడ్డులో అడుగు పెట్టేసరికి ముందు వాసన తగిలింది, తర్వాత బుసబుసమనే చప్పుడు. టార్చి కొక్కేనికి వేలాడుతోంది. వెలుగుతూనే ఉంది. మంట కొసకీ రబ్బరు గొట్టానికీ మధ్య జానెడు దూరం. రబ్బరు అప్పటికే మెత్తబడి మెరుస్తోంది. బావ ఎప్పుడొచ్చాడో, ఎందుకు వెలిగించాడో తెలియదు. బయట స్టూలు మీద కూచుని జీపు చక్రం నట్లు గుడ్డతో తుడుస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

షావుకారు పరుగెత్తి సిలిండరు కట్టేశాడు. జీపు ట్యాంకులో పెట్రోలుంది. గోడకి అవతల అక్క ఉంది. ఇలాంటివి ఇంతకు ముందు ఎన్ని జరిగి ఉంటాయో, ఎన్నిసార్లు అదృష్టం తన జేబులోంచి ఖర్చుపెట్టుకుని వీళ్ళని కాపాడిందో ఏ చిట్టాలోనూ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు షావుకారు. కానీ బావని మంటకి దూరంగా ఉంచడమంటే సగం పనికి దూరంగా ఉంచడమే. ఆ మాట ఎవరు చెప్పాలి, ఏ నోటితో చెప్పాలి?

ఆదివారం తెల్లవారగానే కొత్త రేకు బల్ల మీద పరిచి, అట్టని తనే బోర్లించి పెట్టాడు. బావ వచ్చి చూశాడు.

"కుడిది ఇంకా చెయ్యలేదు బావా."

బావ బల్ల వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు, బావమరిది మొహం వైపు చూశాడు.

"చెయ్యలేదా?"

"చెయ్యలేదు."

"సరే అయితే."

బావ మొదట జీపులో ఇసుక బస్తాలు ఆరు వేయించాడు. ఖాళీ బండికి తీసిన కొలత ఖాళీ బండికే పనికొస్తుందనేది బావ సూత్రం. బరువుకి బండి కిందికి దిగాక, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించి, టైరు ఎంతవరకు వస్తుందో సుద్దతో గీసుకున్నాడు. తర్వాత సుత్తి అందుకున్నాడు. ఆ తర్వాత అతనిలో ఏ లోపమూ లేదు. రేకు ఎక్కడ సాగాలో, ఎక్కడ ముడుచుకోవాలో చేతికి తెలుసు. రేకుకి చెవి ఆనించి వింటున్నట్టు తల వంచి కొట్టాడు. మధ్యాహ్నానికి కుడి రెక్క కుడి పక్కన కూర్చుంది. ఆరు గంటలు పక్కనే నిలబడి చూసిన షావుకారుకి ఒక్క దెబ్బా అనవసరమనిపించలేదు. అలాంటి చెయ్యి ఆగిపోతే ఎంత నష్టమో లెక్కగట్టబోయి, మధ్యలోనే మానేశాడు.

అతికించే వేళకి టార్చి తను పట్టుకున్నాడు.

"నేర్చుకుంటా బావా."

"ఇరవై రెండేళ్ళకి బుద్ధి పుట్టిందా? తొందరేముంది, ఇంకో ఇరవయ్యేళ్ళు ఆగు."

మొదటి అతుకు చుక్కకే రేకుకి చిల్లి పడింది.

"కాలుస్తున్నావా, అతికిస్తున్నావా? దూరంగా పట్టు. ఒక చుక్క ఇక్కడ పెట్టావు కదా, రెండోది ఆ చివర పెట్టు. పక్కపక్కనే పెడితే వేడికి రేకు మెలి తిరుగుతుంది. కోపం వచ్చిన మనిషితో కూడా అంతే, ఒకే చోట పొడవకూడదు."

సాయంత్రం అయిదయ్యేసరికి ముందు రెక్కలు రెండూ ఎక్కాయి. టైరు ఎటు తిప్పినా ఎక్కడా రాసుకోలేదు. వాటికి పూసిన ప్రైమరు రంగు ఆరుతుండగా పశువుల డాక్టరు వచ్చింది. వెనక రెక్కల మీద చెయ్యి వేసి నిమిరింది. ముందు రెక్క దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఈ అతుకులెవరివండీ? ఒప్పుకోని దూడకి నేను చీకట్లో వేసే కుట్లలా ఉన్నాయి."

"మా షావుకారువి," అన్నాడు బావ. "దూడ బతుకుతుంది లెండి."

ఆమె నవ్వుకుంటూ బండి తీసుకుపోయింది. ఇద్దరే మిగిలారు. బావ సుత్తులు ఒక్కొక్కటీ తుడిచి గోడకి తగిలిస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఆ తలుపుల వెనకున్నది నాదే కదూ?"

షావుకారు పాత తలుపుల వైపు చూశాడు.

"ఎడమదేగా."

"ఎడమదే బావా."

"నిన్న మంచి మడ్‌గార్డుకి మంట పెట్టబోయాను. నువ్వాపావు." ఆఖరి సుత్తి చేతిలోనే ఉంచుకుని స్టూలు మీద కూచున్నాడు. "ఎందుకు వెలిగించానో వెలిగించినప్పుడు తెలుసు. మరు నిమిషం తెలీలేదు. చీకటి గదిలో సామాను వెతుక్కున్నట్టుందిరా. సరే, షావుకారువి కదా, బేరం మాట్లాడదాం. ఇవాళ్టి నుంచి మంట నీది, నేను ముట్టను. సుత్తి నాది."

షావుకారు అప్పుడు కూడా ఊరుకోలేకపోయాడు.

"అట్ట కూడా నాదే."

"అట్ట గీసేది నేను. బోర్లించేది నువ్వు. అంతకంటే తగ్గను."

"ఒప్పుకున్నా."

"ఇంకోటి. మీ అక్కకి తెలియనివ్వకు. కంగారు పడుతుంది."

షావుకారు అతని చొక్కా జేబు వైపు చూసి, "చెప్పను," అన్నాడు.

సోమవారం పొద్దున షెడ్డు సందు తిరుగుతుండగానే బుసబుసమని వినపడింది. బావ నల్లద్దాలు పెట్టుకుని, ఒక వ్యాను తలుపు ముందు కూచుని టార్చితో అతుకు వేస్తున్నాడు. చెయ్యి నిలకడగా ఉంది. అతుకు గీత గీసినట్టు పోతోంది.

"బావా, మంట నాది కదా."

బావ అద్దాలు నుదుటి మీదికి తోశాడు. "నీదేంట్రా? నువ్వెప్పుడు పట్టావు మంట?"

కొనేవాడు గడప తొక్కగానే ఎంతకి ఒప్పుకుంటాడో మొహం చూసి చెప్పగలడు షావుకారు. ఈ మొహంలో మాత్రం ఏమీ దొరకలేదు. నిన్నటి మాట మరిచిపోయాడా, లేక చేతిలోంచి జారిపోతున్న పనిని తెలిసే గట్టిగా పట్టుకుని మాట తప్పుతున్నాడా? ఒక మనిషి తనని మోసం చేస్తూ ఉంటే బాగుండునని షావుకారు బతుకులో ఇంతకుముందెప్పుడూ కోరుకోలేదు.

వెళ్ళి సిలిండరు కట్టేశాడు. మంట చిన్నదై, టప్పుమని ఆరిపోయింది. ఇంకో స్టూలు లాక్కుని బావకి ఎదురుగా కూచున్నాడు.

"నిన్న మనం ఒక బేరం చేసుకున్నాం బావా. చెబుతా విను."

బావ చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పు. నాకు నష్టమొచ్చే బేరమైతే మాత్రం ఒప్పుకోను."

షావుకారు సిలిండరు తిప్పే తాళంచెవి జేబులో వేసుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.