కుడిచేతివైపు గేరు

జ్యేష్ఠమాసమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన బెజవాడపట్టణము కాలిన పెనమువలె నుండెను. ఏలూరు కాలువ సన్నగిల్లి గట్టుక్రింద నొక బురదచారగా మిగిలెను. గాలి యనునదొకటి లోకమున గలదని జనులు మఱచియే పోయిరి. అట్టి వేళ కాలువగట్టుననున్న రేకులకప్పు మరమ్మతుశాలలో నొక పురాతనశకటముక్రింద వెల్లకిలబరుండి నుదుట నూనెచుక్కలు రాలుచుండగా కంచర్ల బ్రహ్మలింగాచారి యను వృద్ధుడు “ఇంక నా వల్ల కాదు” అని ఆనాటికి పదియవమాఱు గొణుగుకొనెను.

పాపము, అతడట్లనుటలో వింత లేదు. డెబ్బదియేండ్ల మోకాళ్లు వంగిన లేవవు, లేచిన వంగవు. అయినను ఆ శకటమును చూచి కాదనలేకపోయెను. ఎన్నడో సముద్రములు దాటి వచ్చిన లారీచట్రముపై కలపతో గది గట్టి మంచమును పొయ్యిగట్టును అమర్చుకొని నాటకసమాజములకు తెరలు వ్రాయుచు ఊరూర సంచరించు మల్లంపల్లి చిదంబరరావును అతని యర్ధాంగి వకుళమ్మయు ముప్పదియాఱేండ్లుగా కాపురముండిన యిల్లది. వారికి వేఱొక గూడు భూమిమీద లేదు.

గతమాఘమున పక్షవాతము తాకి చిదంబరరావునకు వామహస్తము పడిపోయెను. కాళ్లు నిలిచెను, బొమ్మలు వ్రాయు కుడిచేయియు నిలిచెను. కాని యేమి లాభము? ఆ బండి గేరుకఱ్ఱయు హారను మీటయు దీపముల మీటయు స్టీరింగుకంబమునకు ఎడమప్రక్కననే యుండెను.

“ఆచారిగారూ, ఇవన్నీ కుడిపక్కకి మార్చిపెట్టండి. బండి నేనొక్కణ్ణే నడుపుకోవాలి. కుదరదన్నారో, అమ్మేయడమే” అని చిదంబరరావు వచ్చిననాడే చెప్పియుండెను. అమ్మినపిదప ఆ దంపతులు తల దాచుకొనుట యెక్కడ?

తాతతండ్రులనాటినుండి నాగలిమేడి చెక్కుటకు రైతుచేతిని దారముతో కొలుచుట ఆచారి వంశాచారము. కొలబద్దకు ఇనుము తెలియును గాని మనుష్యుడు తెలియడని యతని వాదము. ఆ ప్రకారమే చిదంబరరావును బండిలో కూర్చుండబెట్టి భుజమునుండి అఱచేతివఱకు దారము పట్టి ముడులు వేసి ఆ ముడులకు సరిగా ఇరువదిదినములు శ్రమించెను. తొలుత చేసిన కడ్డీ బిగిసి కదలదాయెను. మలిసారి చేసినది పడిన గేరును నిలుపదాయెను. మూడవది వెన్నలో కత్తివలె నాడెను. ఆచారి చెమట తుడుచుకొని చాలదినములకు నవ్వెను.

మఱునాటి యుదయమున పరీక్షార్థము బండిని గట్టుమీదికి తీసిరి. ఆచారి ఎడమప్రక్కన కూర్చుండెను. వకుళమ్మ వెనుకగదిలో మంచముపై నుండెను. మొదటి గేరు సుఖముగా పడెను. రెండవదానికై చిదంబరరావు కుడిచేయి స్టీరింగుచక్రమును విడిచెను. విడిచినదే తడవుగా బండి కాలువవైపు మొగ్గెను! ఆచారి కేక వేసి చక్రముపై బడి త్రిప్పెను. ఎడమటైరు గట్టుచివరి మట్టిని రాల్చుచు నిలిచెను.

కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లయ్యెను గదా! ఉన్నదొక్క చేయి. దానికి గేరు నప్పగించిన చక్రమును పట్టువారెవ్వరు? నిలిచియున్న బండిలో చేతిని కొలిచెనే గాని నడచు బండిలో ఆ చేతికేమి పని గలదో ఆచారి తలపోయలేదు. చిన్నపిల్లలకు సైతము తోచునది తనకు తోచనందులకు అతనికి సిగ్గును దుఃఖమును ఒక్కమాఱు ముంచుకొని వచ్చెను.

ఆచారి “ఇంతకీ ఇక్కడిదాకా ఎట్లా వచ్చారండీ?” అని యడిగెను. ఇరువదిదినములలో నొక్కనాడైన నోటరాని ప్రశ్న యది!

“నేనే వేశానండీ గేర్లు” అని వెనుకనుండి వకుళమ్మ పలికెను. “పక్కన కూచుంటాను. ఈయన క్లచ్చి తొక్కి ‘ఊఁ’ అంటారు, నేను లాగుతాను. తుని నుంచీ అట్లాగే వచ్చాం.”

ఆచారికి కోపము నషాళమున కంటెను. “అంత చక్కగా కుదిరినదాన్ని నాచేత ఎందుకు విప్పించారయ్యా? నా నడుం విరిగింది గదయ్యా!”

చిదంబరరావు తల వంచుకొనెను. “రాత్రుళ్ళు ఈ పడిపోయిన చెయ్యి ఒత్తడానికి నాలుగుసార్లు లేస్తుందండీ. పగలు నేను ‘ఊఁ’ అన్నప్పుడల్లా చెయ్యందించాలి. మాఘం నుంచీ ఆవిడ కంటినిండా నిద్రపోలేదు. దారిలోనన్నా కాసేపు పడుకుంటుందని... అంతేనండీ.”

“నాకు నిద్ర కావాలని నేనెప్పుడన్నా అడిగానా?” అని వకుళమ్మ కసిరెను.

ఆచారి కోపమెటుపోయెనో అతనికే తెలియదు. గేరుకఱ్ఱపై చేయి వైచి “టాపు గేరు పడ్డాక చేతితో పనేముందండీ?” అనెను. “ఈ గట్టురోడ్డు ఏలూరుదాకా తిన్నగా పోతుంది. గేరు ఎడంపక్కకే పెట్టి అమ్మ చేతికందేట్టు సాగదీస్తాను. టాపులో పడేస్తే ఇక ఆవిడ జోలికి పోకండి.”

హారనును దీపములను కుడిప్రక్కననే యుంచి గేరుకఱ్ఱను మరల నెడమకు మార్చి జానెడు పొడిగించుటకు నాలుగుదినములు పట్టెను. అయిదవనాటి ప్రాతఃకాలమున వారు బయలుదేఱిరి. బండి పోకడ చూచి మూడవ మైలురాయికడ దిగెదనని ఆచారి వెనుకమంచముపై కూర్చుండెను. “ఊఁ” అనగనే వకుళమ్మ చేయి కదలెను. మఱల “ఊఁ”. మఱల కదలెను. టాపు గేరు పడి యంత్రఘోష మెత్తబడిన అరక్షణములో ఆమె తల కిటికీచట్టమునకు జేరెను. నోరు కొంచెము తెఱచుకొనెను. ఎన్ని నెలల నిద్రయో ఆమె ముఖమును కప్పివైచెను.

మూడవ మైలురాయి వచ్చెను. చిదంబరరావు వెనుదిరిగి ఆచారిని చూచెను. బండి నాపిన మరల మొదటి గేరు కావలయును. మొదటి గేరు కావలెనన్న ఆమెను లేపవలయును. ఆ సంగతి యిరువురికిని తెలియును. అంతదూరము ఎండలో నడచి రావలసిన మోకాళ్లను ఆచారి యొకమాఱు నిమురుకొని, పోనిమ్మని చేయి యూపెను.

నాలుగవరాయి గడచెను, అయిదవదియు గడచెను. ఆచారి గోడకు జేరగిలబడి కన్నులు మూసెను. అలసినవారికి విశ్రాంతి యెక్కడనుండియో యూరక ఊడిపడదు. ఒకరి మెలకువయే మఱియొకరి నిద్ర. ఏలూరు గట్టున మెల్లగా సాగిపోవుచున్న ఆ చెక్కయింటిలో ఒంటిచేతి చిదంబరరావొక్కడే మేలుకొనియుండెను.