దోర్కా నిలబడే చోటు

ఆదివారం పొద్దున నాచారంలోని ఆ చర్చికి వెళ్తే, పాస్టరుగారి కంటే ముందు మీ కళ్లు దోర్కా మీదే పడతాయి. ఆయన పక్కనే నిలబడి, ప్రసంగమంతా చేతి సైగలతో తమ్ముడు బెన్నీకి చెబుతూ ఉంటుంది. బెన్నీకి ఇరవై నాలుగేళ్లు. పుట్టుకతోనే వినికిడి లేదు. గాజులు తాకితే అమ్మ, కనుబొమ్మ మీది మచ్చ తాకితే అక్క. ఇలాంటి సైగలు చిన్నప్పుడు దోర్కాయే కల్పించింది. ఆ భాష లోకంలో వాళ్లిద్దరికే తెలుసు.

"నువ్వు లేకుంటే వానికి దిక్కెవరమ్మా?" అంటారు ఆరాధన అయ్యాక ఆడవాళ్లు. "అంతా దేవుని కృప" అంటుంది దోర్కా. పైకి అలా అంటుందే గానీ, ఆ మాట కోసం వారమంతా కాచుకుని ఉంటుంది. మందుల కంపెనీలో రోజంతా నిలబడి డబ్బాలు ప్యాక్ చేసే మనిషిని ఇంకెక్కడ మెచ్చుకుంటారు చెప్పండి?

కిందటేడు బెన్నీ చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. ఉప్పల్‌లో ఉండే రిషి ఫేస్‌బుక్‌లో పరిచయమయ్యాడు. అతనికీ వినపడదు. వినికిడి లేని వాళ్లంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో బెన్నీని చేర్చాడు. ఆరు నెలల్లో బెన్నీ అసలైన సైగల భాష నేర్చుకున్నాడు. సాయంత్రమైతే వీడియో కాల్‌లో నలుగురితో చేతులు ఆడిస్తూ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

దోర్కా టీ పట్టుకొచ్చి నిలబడేది. ఏమంటున్నారని అడిగితే, తర్వాత చెప్తానని చెయ్యి ఊపేవాడు. చుట్టాల మధ్య కూర్చున్నప్పుడు ఇన్నేళ్లూ ఆమె అతనికి చేసిన సైగే అది. ఇప్పుడు అదే ఆమెకు ఎదురైంది. తన దగ్గర ఎన్నడూ అలా నవ్వని తమ్ముడు ముక్కూమొహం తెలియని వాళ్లతో నవ్వుతున్నాడు! కుళ్లు అనండి, అసూయ అనండి, ఆమెకు మాత్రం అది ప్రేమలాగే తోచింది.

"ఫోన్లల్ల మస్తు మోసాలు అయితున్నయమ్మా. మనోడు అమాయకుడు" అంది ఓ శనివారం తల్లి ఎలిజబెత్‌తో. బెన్నీ స్నానానికి వెళ్లగానే ఫోన్ తీసి, గ్రూపులోంచి అతన్ని బయటికి తెచ్చి, ఫోన్‌లో దాని జాడే లేకుండా చెరిపేసింది. రిషి నంబరు బ్లాక్ చేసింది. బెన్నీ కంగారుగా వచ్చి ఫోన్ చూపిస్తే, వాళ్లే నిన్ను తీసేశారని సైగ చేసింది.

అక్క అబద్ధం చెబుతుందని బెన్నీకి అనుమానమైనా రాలేదు. వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దోర్కా అతనికిష్టమని కోడికూర వండింది. తమ్ముడు మళ్లీ తనవాడయ్యాడని లోలోపల సంతోషపడింది కూడా.

బుధవారం సాయంత్రం రిషి ఇంటికే వచ్చాడు. తన ఫోన్‌లో టైపు చేసి దోర్కాకు చూపించాడు: "అక్కా, బెన్నీ గ్రూపుల నుంచి ఎందుకు పోయిండు? ఆయన పోయినంక గ్రూపుల పెట్టిన మల్లాపూర్ కంపెనీ ఇంటర్వ్యూ మొన్న సోమవారం అయిపోయింది. మా గ్రూపుల ముగ్గురిని తీసుకున్నరు. బెన్నీ రాలే. ఏమైందోనని ఫికరైంది." దాని కింద ఇంకో మాట ఉంది: "నువ్వు చర్చిల చేతులతోని చెప్పే వీడియో మాకు పంపిండు. నీ గురించి మస్తు గొప్పగ చెప్తడు."

ఆమె భుజం మీదుగా బెన్నీ కూడా చదివాడు. తన ఫోన్ తీసి, బ్లాక్ చేసిన నంబరు వెతికి పట్టుకున్నాడు. అక్క ముఖంలోకి ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకున్నాడు. వినపడని మనిషి చూడనని కళ్లు తిప్పుకుంటే ఇక ఏ సైగలు చేసి ఏం లాభం? మూడు రోజులు దోర్కా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

శనివారం ఆమె తన ఫోన్ నుంచి రిషికి మెసేజ్ పెట్టింది. తప్పంతా ఒప్పుకుంది. ఒక సాయం అడిగింది.

ఆదివారం చర్చిలో ఎవరి అనుభవాలు వాళ్లు సాక్ష్యాలుగా చెప్పే వేళ దోర్కా లేచి ఎప్పుడూ నిలబడే చోటికి వెళ్లింది. చెబుతూనే సైగలూ చేసింది. బెన్నీ కాసేపటికి తలెత్తాడు.

"నా తమ్మునికి దోస్తులు దొరికితే ఓర్వలేకపోయిన. అబద్ధం చెప్పి గ్రూపుల నుంచి తీసేసిన. వానికి రావాల్సిన నౌకరి పాడుజేసిన. వానికి నేనొక్కదాన్ని ఉంటే సాలనుకున్న. ఏ మనిషికైనా ఒక్కరే ఎట్ల సాల్తరు?"

తను నిలబడే చోట స్టూలు వేసి, దాని మీద బెన్నీ ఫోన్ నిలబెట్టింది. వీడియో కాల్‌లో పద్మశ్రీ అనే ఆవిడ ఉంది. విన్నది విన్నట్టు సైగల భాషలో చెప్పే ఆమెను గ్రూపు తరఫున రిషి మాట్లాడిపెట్టాడు. దోర్కా వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది.

పాస్టర్ జోసఫ్‌గారు ప్రసంగం మొదలుపెట్టారు. "వాక్యానికి లేటుగ వచ్చేటోళ్లు ప్రేమవిందుకు మాత్రం గంట ముందే వస్తరు" అన్నారు. చర్చంతా నవ్వింది. వాళ్లతో పాటే బెన్నీ కూడా పకపకా నవ్వాడు.

దోర్కా నిర్ఘాంతపోయింది. ఎనిమిదేళ్లుగా ప్రసంగాల్లోని నీతులు మాత్రమే తమ్ముడికి చెప్పింది, ఒక్క జోకూ చెప్పలేదు. వాడికి అవసరం లేదనుకుంది. బెన్నీ కళ్లు తుడుచుకుని, నాలుగు రోజుల తర్వాత ఆమె వైపు తిరిగాడు. కనుబొమ్మ తాకి, నీకు అర్థమైందా అని అడిగాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

వచ్చే నెల మల్లాపూర్ కంపెనీ మళ్లీ మనుషుల్ని తీసుకుంటుందట. బెన్నీ ఒక్కడే బస్సెక్కి వెళ్తానన్నాడు, దోర్కా సరేనంది. అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట్లోనూ ఒక బెన్నీ ఉండవచ్చు. అతని కోసం మీరు ఎంతైనా చేయండి, కానీ అతనికీ లోకానికీ మధ్య అడ్డంగా మాత్రం నిలబడకండి.